అవతలి ఒడ్డు ఎవరిది? అబాదాన్ చమురు నగరం: మూడు యుద్ధాలు, ఒక దిగ్బంధం

అందరికీ నమస్కారం. ఆహ్వాన పత్రంలో నా అంశం "యుద్ధకాలంలో చమురు నగరాలు" అని వేశారు. నగరాలన్నీ తిప్పడానికి గంట చాలదు, వినే ఓపిక మీకూ ఉండదు. (నవ్వులు) అందుకని ఒక్క ఊరినే పట్టుకుంటాను. ఇరాన్ నైరుతి మూలనున్న అబాదాన్.

ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద రిఫైనరీ ఉన్న ఊరది. 1976 జనాభా లెక్కల్లో అక్కడ 2 లక్షల 94 వేల మంది ఉన్నారు. పదేళ్ళ తర్వాత, 1986 లెక్కల్లో ఎంతమంది అనుకుంటున్నారు? ఆరుగురు. ఆరు వేలు కాదండీ, ఆరుగురు. ఊరు ఊరంతా ఎలా ఖాళీ అయిందో చెప్పాలంటే 1980లో వచ్చిన ఇరాన్, ఇరాక్ యుద్ధంతో మొదలుపెడితే కుదరదు. 1909కి వెళ్ళాలి. ఆ ఊరికి రావలసిన ఆపదకి పునాది ఆ ఏడాదే పడిందని నా వాదన. రిఫైనరీ కట్టినవాళ్ళకి మాత్రం అది చాలా తెలివైన ఎంపికలాగే కనిపించింది. అప్పటికి నిజంగా తెలివైనదే కూడా.

ముందు ఒకసారి ఈ మ్యాపు చూడండి. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కలిసి ఒకటిగా పర్షియన్ గల్ఫ్‌కి వస్తాయి. ఆ నదిని అరబ్బులు షత్ అల్ అరబ్ అంటారు, ఇరానీయులు అర్వంద్ రూద్ అంటారు. తూర్పు నుంచి కారూన్ నది వచ్చి ఖుర్రంషహర్ దగ్గర అందులో కలుస్తుంది. అక్కడే బహ్మన్‌షీర్ అనే పాయ చీలి, విడిగా సముద్రం దారి పడుతుంది. ఇటు అర్వంద్, అటు బహ్మన్‌షీర్, మధ్యలో పొడవాటి లంక. అబాదాన్ ఆ లంక మీద ఉంది. పడమటి గట్టున నిలబడి చూస్తే ఎదురుగా కనిపించే ఖర్జూర తోటలు ఇరాక్‌వి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మిగతా ప్రసంగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1908 మే 26 తెల్లవారుజామున మస్జిద్ సులేమాన్ అనే కొండప్రాంతంలో చమురు ఎగజిమ్మింది. మరుసటి ఏడాది ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీ పుట్టింది. చమురు కొండల్లో ఉంది, కొనేవాళ్ళు సముద్రం అవతల ఉన్నారు, మధ్యలో రోడ్డు లేదు, రైలు లేదు. శుద్ధి ఎక్కడ చెయ్యాలి? బావుల దగ్గరా, ఓడల దగ్గరా? ఓడల దగ్గరే అని తేల్చారు. మొహమ్మరా (ఖుర్రంషహర్ పాత పేరు) పాలకుడు షేక్ ఖజల్ దగ్గర ఈ లంకలో ఒక చదరపు మైలు నేల కౌలుకి తీసుకున్నారు. కౌలు ఏడాదికి 650 పౌండ్లు. కొండల నుంచి లంక దాకా దాదాపు 220 కిలోమీటర్ల పైప్‌లైను వేశారు. గొట్టాల్ని కంచర గాడిదల చేత లాగించారు. 1912లో రిఫైనరీ పని మొదలెట్టింది.

ఆ చోటు ఎంచుకోవడానికి కారణాలు బలమైనవే. నేల చదును. ఓడలు గట్టు దాకా వస్తాయి. వేడెక్కిన యంత్రాల్ని చల్లార్చడానికి కావలసినంత నీళ్ళు నదిలోనే ఉన్నాయి. షేక్ మాట వింటాడు. అవతలి ఒడ్డున ఒట్టోమన్ సామ్రాజ్యం, దానికి అప్పటికే నీరసం. నది ముఖద్వారం బ్రిటిష్ నౌకాదళం చేతిలో ఉంది. అంటే ఆ చోటికి రక్ష కోటగోడ కాదు, ఆనాటి బలాబలాలు. అవి ఎల్లకాలం అలాగే ఉంటాయన్న ధీమాతో కట్టారు. రిఫైనరీ ఒకసారి కట్టాక కదలదు కదా! బలాబలాలు కదులుతూనే ఉంటాయి.

రెండేళ్ళు తిరక్కుండానే దానికి పరీక్ష వచ్చింది. 1914 వేసవిలో చర్చిల్ నౌకాదళ మంత్రి. బొగ్గు మానేసి చమురుతో నడిచే యుద్ధనౌకల వైపు మొగ్గాడు. బ్రిటన్‌లో బొగ్గుకి కొదవ లేదు, చమురు మాత్రం చుక్క లేదు. అందుకని సుమారు 22 లక్షల పౌండ్లు పెట్టి ఆంగ్లో పర్షియన్‌లో 51 శాతం వాటా ప్రభుత్వం చేతే కొనిపించాడు. ఆ చట్టానికి రాజముద్ర పడింది ఆగస్టు 10న. అప్పటికి బ్రిటన్ యుద్ధంలోకి దిగి ఆరు రోజులు.

ఒట్టోమన్లు జర్మనీ పక్షాన చేరడంతో అబాదాన్ ఎదుటి ఒడ్డు రాత్రికి రాత్రి శత్రువు ఒడ్డయింది. కాపాడటానికి ఎవరిని పంపారు? మన దేశం నుంచి వెళ్ళిన సైన్యాన్ని. పూనా డివిజన్‌కి చెందిన ఒక బ్రిగేడ్ బొంబాయిలో ఓడెక్కి, నవంబరు 6న నది ముఖద్వారంలోని ఫావ్ దగ్గర దిగింది. పని చిన్నదే: రిఫైనరీకి, పైప్‌లైనుకి, నదికి కాపలా. కానీ కాపలాకి హద్దెక్కడ? అబాదాన్ భద్రంగా ఉండాలంటే బస్రా చేతిలో ఉండాలన్నారు, తీసుకున్నారు. బస్రా నిలవాలంటే ఇంకా పైకి పోవాలన్నారు. 1915 ఫిబ్రవరిలో అహ్వాజ్ దగ్గర స్థానిక తెగలవాళ్ళు పైప్‌లైను కోసేశారు. మరమ్మతుకి నెలలు పట్టింది. ఇంకాస్త ముందుకి పోదామన్నారు. అలా పోయి పోయి బాగ్దాద్ కోసం కక్కుర్తిపడి, కూత్ పట్టణంలో చిక్కుకున్నారు. 1916 ఏప్రిల్ 29న దాదాపు 13 వేల మంది లొంగిపోయారు. అందులో ఎక్కువమంది భారతీయులే, చాలామంది బందీలుగానే చనిపోయారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళనే మాటకి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. రిఫైనరీ మాత్రం నిక్షేపంగా ఉంది, యుద్ధమంతా పెరుగుతూనే పోయింది.

అబాదాన్‌లో మనవాళ్ళ ఆనవాలు సైన్యం ఒక్కటే కాదు. కంపెనీకి మొదట్లో డబ్బు పెట్టింది బర్మా ఆయిల్. రంగూన్ దగ్గర దానికి రిఫైనరీ ఉండేది. చమురు పని తెలిసిన కార్మికుల్ని అక్కడి నుంచీ, భారతదేశం నుంచీ తెచ్చారు. వాళ్ళు కట్టుకున్న మసీదు ఇప్పటికీ రిఫైనరీ పక్కన, నది ఒడ్డునే ఉంది. పేరు రంగూనీల మసీదు. దాని ముఖభాగం ఇరాన్ మసీదుల్లా ఉండదు. లేత రంగుల గచ్చు పని, పూలు, లతలు, చూడగానే ఇది మనవైపు చెయ్యి అనిపిస్తుంది. ఇక ఊరి సంగతంటారా, దొరల బంగళాలు బ్రయిమ్ అనే పేటలో, రిఫైనరీకి ఎగువన, గాలి వచ్చే వైపు. కూలీల బస్తీలు పొగ వెళ్ళే వైపు. ఊరంతా కర్మాగారానికి అంటుకునే పెరిగింది. ఎనభయ్యో దశకానికి వచ్చేసరికి ఆ అంటుకుని ఉండటానికి ఎంత మూల్యం చెల్లించారో చూస్తారు.

రెండో యుద్ధం. 1941 ఏప్రిల్‌లో ఇరాక్‌లో రషీద్ అలీ కుట్ర చేసి అధికారం పట్టాడు, జర్మనీ వైపు చూశాడు. చూశారా, మళ్ళీ అవతలి ఒడ్డు! బ్రిటిష్‌వాళ్ళు బస్రాలో భారత బలగాల్ని దింపి మే నెలాఖరుకల్లా అణిచేశారు. జూన్‌లో హిట్లర్ రష్యా మీద పడ్డాడు. ఇక ఇరాన్ తటస్థంగా ఉన్నా సరే, బ్రిటన్, సోవియట్ ఆగదల్చుకోలేదు. ఆగస్టు 25 వేకువన ఉత్తరం నుంచి సోవియట్, దక్షిణం నుంచి బ్రిటన్ చొరబడ్డాయి. అబాదాన్ జెట్టీకి కట్టేసి ఉన్న ఇరాన్ యుద్ధనౌక పలంగ్‌ని షోర్‌హామ్ అనే బ్రిటిష్ నౌక అక్కడికక్కడే ముంచేసింది. 8వ భారత డివిజన్‌కి చెందిన 24వ బ్రిగేడ్ చీకట్లో పడవల మీద బస్రా వైపు నుంచి నది దాటి వచ్చింది. ఇరాన్ నౌకాదళాధిపతి బయందోర్ ఆ ఉదయమే చనిపోయాడు. సాయంత్రానికి రిఫైనరీ దాడి చేసినవాళ్ళ చేతిలో ఉంది, పెద్ద నష్టం లేకుండా.

"పెద్ద నష్టం లేకుండా" అన్నది గమనించండి. 1941లో వచ్చినవాళ్ళకి రిఫైనరీ కావాలి, 1980లో వచ్చినవాళ్ళకి అది ఎదుటివాడికి లేకపోతే చాలు. కావాలనుకున్నవాడు బాంబులు వెయ్యడు, తెల్లారేలోపు చుట్టుముట్టి గేట్లు పట్టుకుంటాడు. అక్కర్లేనివాడికి ఒక్క ఫిరంగి చాలు.

1942లో అబాదాన్ విలువ ఎక్కడికో పోయింది. ఫిబ్రవరిలో సుమత్రాలోని పాలెంబాంగ్ రిఫైనరీలు జపాన్ చేతికి వెళ్ళాయి. మార్చిలో రంగూన్ వదిలిపోతూ, శత్రువుకి దక్కకూడదని సిరియం రిఫైనరీని బ్రిటిష్‌వాళ్ళే పేల్చేశారు. హిందూ మహాసముద్రం మొత్తానికి పెద్ద ఇంధన కేంద్రం అబాదాన్ ఒక్కటే మిగిలింది. విమానాలకి కావలసిన నూరు ఆక్టేన్ పెట్రోలు కూడా అక్కడ తయారైంది. ఆ వేసవిలో జర్మన్లు ఇరాన్‌కి ఉత్తరాన ఉన్న కాకసస్ మీదికి దూకితే లండన్‌లో సైన్యాధిపతులకి నిద్ర కరువైంది. ఈజిప్టు, అబాదాన్ రెంటిలో ఒకటే దక్కుతుందంటే ఏది వదలాలి? చమురు లెక్కలు చూసి అబాదానే ముఖ్యమన్న అభిప్రాయానికి వచ్చారు. అబాదాన్ పోతే అంత చమురు అమెరికా ఖండాల నుంచి మొయ్యాలి, దానికి సరిపడా ట్యాంకర్ నౌకలు లేవు. సైనిక చరిత్ర చదివేవాళ్ళు యుద్ధ ట్యాంకులు, విమానాలు లెక్కపెడతారు. చమురు నగరం విలువ తేల్చేది ఓడల లెక్క అని నేననుకుంటాను. స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్లు ఓడిపోయాక ఆ భయం తీరింది. అబాదాన్‌ని కాపాడింది అక్కడికి ఎంతో దూరాన, వోల్గా ఒడ్డున జరిగిన యుద్ధం.

(సభలోంచి ఒకరు: మరి 1951 సంగతో?)

వస్తున్నానండీ. అది యుద్ధం కాదు గనక త్వరగా దాటేస్తాను, కానీ వదలకూడనిది. 1951లో ఇరాన్ చమురు పరిశ్రమని జాతీయం చేసింది. మొసాదెక్ ప్రధాని. బ్రిటన్ అబాదాన్‌ని సైన్యంతో పట్టుకుందామని పథకం వేసింది, అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఒప్పుకోలేదు. అక్టోబరులో చివరి బ్రిటిష్ ఉద్యోగులు మారీషస్ అనే యుద్ధనౌక ఎక్కి వెళ్ళిపోయారు. ఒక్క గుండు పేలలేదు, ఒక్క చమురు ట్యాంకు అంటుకోలేదు. అయినా ప్రపంచంలోకెల్లా పెద్ద రిఫైనరీ మూలపడింది. ఇరాన్ చమురు కొన్నవాళ్ళని కోర్టుకి ఈడుస్తామని కంపెనీ బెదిరించింది. 1952లో రోజ్ మేరీ అనే ట్యాంకర్ ఇరాన్ చమురు వేసుకుని బయల్దేరితే బ్రిటిష్‌వాళ్ళ చేతిలో ఉన్న ఏడెన్ రేవులోకి మళ్ళించారు. ట్యాంకర్లు వాళ్ళవి, మార్కెట్ వాళ్ళది. 1953 ఆగస్టులో మొసాదెక్‌ని కూలదోశాక, 1954లో విదేశీ కంపెనీల కూటమి వచ్చాకే చమురు మళ్ళీ కదిలింది. ఈలోగా లోకం అబాదాన్ లేకుండా బతకడం నేర్చుకుంది.

ఇక 1980. దీని దగ్గర కాస్త ఆగుతాను.

అప్పటికి అబాదాన్ పాత్ర మారింది. పెద్ద ట్యాంకర్లకి నది లోతు చాలక, ముడి చమురు ఎగుమతి ఎప్పుడో గల్ఫ్‌లోని ఖార్గ్ దీవికి వెళ్ళిపోయింది. అబాదాన్ ఇప్పుడు ఇరాన్ ఇంటి వంటగది. రోజుకి సుమారు 6 లక్షల 30 వేల బ్యారెళ్ళు, దేశం మొత్తం శుద్ధి సామర్థ్యంలో దాదాపు సగం. కార్లకి పెట్రోలు, పొయ్యిలకి కిరోసిన్, సైన్యానికి డీజిల్ అక్కడి నుంచే.

ఎదుటి ఒడ్డు సంగతి? నది సరిహద్దు మీద తగాదా పాతది. 1937 ఒప్పందంలో నదిలో ఎక్కువ భాగం ఇరాక్‌కి పోయింది, అబాదాన్ ఎదురుగా కొద్ది మైళ్ళ మేర మాత్రం నడినదిని సరిహద్దు చేశారు, ఓడలు నిలపడానికి. 1975 అల్జీర్స్ ఒప్పందం నది పొడవునా నడిగీత ఖాయం చేసింది. 1980 సెప్టెంబరు 17న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుసేన్ ఆ ఒప్పందం చెల్లదన్నాడు. 22న యుద్ధం మొదలైంది.

రిఫైనరీ ఉన్నది ఫిరంగుల దూరంలో కాదండీ, మోర్టార్ల దూరంలో. మామూలుగా రిఫైనరీ మీద దాడి అంటే విమానాలు రావాలి, గురి చూడాలి, తిరిగి పోవాలి. ఇక్కడ అవేం అక్కర్లేదు. ఎదుటి తోటల్లో గొట్టం పాతిపెట్టి రోజంతా వేసుకోవచ్చు. మొదటి రోజుల్లోనే చమురు ట్యాంకులు అంటుకుని, రోజుల తరబడి నల్లటి పొగ కమ్మేసింది.

ఇక్కడో మాట. టీవీలో కనిపించేది ట్యాంకుల మంట. ట్యాంకు కాలిపోతే అందులో ఉన్న సరుకు పోతుంది, రేకు పోతుంది, మళ్ళీ కట్టుకోవచ్చు. రిఫైనరీ ప్రాణం వేరే చోట ఉంటుంది. ముడి చమురుని మరిగించే కొలిమి, దాన్ని వేరుచేసే నిలువు స్తంభాలు, ఆవిరి బాయిలర్లు, కరెంటు, నదిలోంచి నీళ్ళు తోడే పంపులు. ఆ స్తంభాలు కొలతలిచ్చి చేయించుకునేవి, బజార్లో దొరికేవి కావు. పంపుల ఇల్లు ఒక్కటి పోతే మిగతాదంతా చెక్కుచెదరకుండా ఉన్నా ఉపయోగం లేదు. అయినా రిఫైనరీని పూర్తిగా చంపడం అంత తేలిక కాదు. 1943 ఆగస్టు 1న అమెరికా బాంబర్లు రుమేనియాలోని ప్లోయెష్ట్ మీద తక్కువ ఎత్తులో వచ్చి పడ్డాయి, యాభైకి పైగా విమానాలు పోగొట్టుకున్నాయి. అక్కడ చాలా రిఫైనరీలున్నాయి, వాటిలో వాడని సామర్థ్యం మిగిలి ఉంది. దాంతో ఉత్పత్తి త్వరలోనే కోలుకుంది. అబాదాన్‌కి ఆ వెసులుబాటు లేదు. ఉన్నది ఒక్కటే, అదీ శత్రువు కంటి ముందు. బాగుచేసే మనిషి నిచ్చెన ఎక్కితే అవతలివాడికి కనిపిస్తాడు.

అక్టోబరులో ఇరాకీలు కారూన్ దాటి అబాదాన్‌కి వచ్చే రోడ్లు కోసేశారు. ఖుర్రంషహర్ ఇంటింటి పోరాటం తర్వాత అక్టోబరు చివర్లో పడిపోయింది. ఇక అబాదాన్‌కి మూడు వైపులా శత్రువు. మిగిలింది వెనక బహ్మన్‌షీర్ పాయ. అక్టోబరు 31 రాత్రి ఇరాకీలు దాన్ని కూడా జుల్ఫికారీ పేట దగ్గర దాటారు. అక్కడ పాత బండ్ల ఇనుప సామాను అమ్ముకునే దర్యాఖోలీ సూరానీ అనే ఆయన వాళ్ళని చూశాడు. ఫోన్ లేదు, వాహనం లేదు. సైకిల్ ఎక్కి, గుండ్లు పడుతున్న వీధుల్లో తొక్కుకుంటూ ఊళ్ళోకి పోయి కబురందించాడు. సైనికులు, ఊరివాళ్ళు కలిసి పరుగున వెళ్ళి ఇరాకీల్ని మళ్ళీ పాయ అవతలికి తోసేశారు. సూరానీ తర్వాత గాయాలతో చనిపోయాడు. రోజుకి ఆరు లక్షల బ్యారెళ్ళు తీసే ఊరికి దక్కిన ముందస్తు హెచ్చరిక ఒక పాత సామాన్లవాడి సైకిల్ అంటే, ఆ రోజుల్లో ఇరాన్ సైన్యం ఎంత అస్తవ్యస్తంగా ఉందో మీరే ఊహించుకోండి. షాని దింపేసిన విప్లవం జరిగి రెండేళ్ళు కాలేదు, చాలామంది అధికారులు జైళ్ళలోనో సమాధుల్లోనో ఉన్నారు.

ముట్టడి దాదాపు ఏడాది సాగింది. తిండి, మందుగుండు రాత్రిళ్ళు పడవల మీద, హెలికాప్టర్ల మీద వచ్చేవి. 1981 సెప్టెంబరు 27న ఇరాన్ సైన్యం కారూన్ తూర్పు ఒడ్డున ఇరాకీల్ని కొట్టి ముట్టడి విడగొట్టింది. అయినా ఊరికి ప్రాణం రాలేదు. ఎదుటి ఒడ్డు ఎక్కడికీ పోలేదు గదా! ఫిరంగులు 1988 దాకా మోగుతూనే ఉన్నాయి. అందుకే జనాభా లెక్కల్లో ఆ ఆరు.

దీనివల్ల ఇరాన్‌కి ఏమైంది? చమురు దేశం పెట్రోలుకి కూపన్లు పంచింది. ముడి చమురు అమ్మి, శుద్ధి చేసిన సరుకు బయటి నుంచి కొనుక్కుంది. యుద్ధం మాత్రం ఓడిపోలేదు. తెహ్రాన్, ఇస్ఫహాన్, తబ్రీజ్, షిరాజ్ రిఫైనరీలు లోపలెక్కడో ఉన్నాయి, వాటి మీద బండి లాగారు. ఇరాక్‌కి కూడా ఇదే ముల్లు గుచ్చుకుంది. దాని ఎగుమతి టెర్మినళ్ళు రెండూ గల్ఫ్ మొదట్లో, ఇరాన్ నౌకాదళానికి అందేంత దూరంలో ఉన్నాయి. 1980 నవంబరులోనే అవి పనికిరాకుండా పోయాయి. 1982లో సిరియా తన మీదుగా వెళ్ళే పైప్‌లైను మూసేసింది. అబాదాన్‌ని కాల్చిన దేశం తన చమురు తను అమ్ముకోలేక గల్ఫ్ రాజ్యాల అప్పుల మీద పడింది. రిఫైనరీలు తగలబెట్టడంలో ముందుపడ్డవాడు లాభపడ్డాడని చెప్పడానికి ఈ యుద్ధంలో నాకు ఒక్క ఆధారం దొరకలేదు.

1989లో అబాదాన్ రిఫైనరీలో కొంత భాగం మళ్ళీ మొదలైంది. జనం కూడా తిరిగొచ్చారు, 1991 నాటికి 84 వేలు దాటారు. చాలామంది మాత్రం వెళ్ళిన చోటే ఉండిపోయారు. కొత్త రిఫైనరీల్ని ఇరాన్ వేరే చోట్ల కట్టింది: 1993లో అరాక్, 1997లో బందర్ అబ్బాస్. శుద్ధి విషయంలో అన్నీ ఒకేచోట పెట్టకూడదన్నది నేర్చుకున్నట్టే.

ఎగుమతి దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి మరిచిపోయారు. ముడి చమురులో సింహభాగం ఖార్గ్ అనే ఒక చిన్న దీవి నుంచే పోతోంది. యుద్ధంలో దాన్ని ఇరాక్ విమానాలు ఎన్నిసార్లు కొట్టాయో, ఇరాన్ చిన్న ట్యాంకర్లతో చమురు దిగువకి మోసి అక్కడ పెద్ద ఓడల్లోకి ఎక్కించడానికి ఎన్ని తిప్పలు పడిందో తెలిసి కూడా. 2021లో గోరే నుంచి హోర్ముజ్ జలసంధి అవతల ఉన్న జాస్క్‌కి వెయ్యి కిలోమీటర్ల పైప్‌లైను ప్రారంభించారు. అది ఖార్గ్‌కి ప్రత్యామ్నాయం కావాలంటే జాస్క్‌లో నిల్వ ట్యాంకులు, లోడింగ్ బోయాలు (ఓడల్లోకి చమురు ఎక్కించే తేలియాడే ఏర్పాట్లు) ఖార్గ్‌లో ఉన్నన్ని ఉండాలి, ఆ స్థాయికి అది రాలేదు. హోర్ముజ్ గురించి ప్రశ్నలుంటాయని నాకు తెలుసు. ముందు వెనక వరసలో చెయ్యెత్తినాయనకి మైకు ఇవ్వండి.